ఇరవై రెండు బార్లు

సెప్టెంబర్ 3, మంగళవారం

ఇవాళ్టి నుంచి పిల్లలు కూడా నాతో రిహార్సల్‌కి వస్తున్నారు. ఇంట్లో చూసుకునే దిక్కు లేదు. వాళ్ళ నాన్న ప్రశాంతత కోసం వెళ్ళి పదహారు రోజులైంది. ప్రశాంతత ఏ కొండల్లోనో దొరుకుతుందనుకున్నాను. కాదట, నాలుగు బస్‌స్టాపుల అవతల, మూడో అంతస్తులో, రెండు గదులూ ఒక బాల్కనీగా ఉందట. కొన్నాళ్ళే అన్నాడు. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళని నేను అడగలేదు. అడిగితే అలుసైపోతాను.

షాపులో నాలుగున్నరకే కళ్ళ పరీక్షలు ముగించి పరిగెత్తాను. మా ఓనరు ఎప్పటిలాగే, "మీ కండక్టర్ గారు ఒప్పుకుంటారా పిల్లల్ని? టికెట్ కొట్టరు కదా?" అన్నాడు. ఆర్కెస్ట్రా కండక్టర్ వేరు, బస్సు కండక్టర్ వేరు అని ఆరేళ్ళుగా చెప్తున్నాను. తేడా అంత పెద్దదేమీ కాదని ఈమధ్య నాకే అనిపిస్తోంది. ఇద్దరూ మనల్ని ముందుకి జరగమంటూనే ఉంటారు.

బస్సులో మా ఊరేగింపు: చెలో, అదే నా మనిషంత వయొలిన్, నా వీపు మీద, చిన్నోడు నా చేతికి, పెద్దది పది అడుగుల వెనక, మాకూ దానికీ ముఖపరిచయం కూడా లేనట్టు. పెద్దదానికి పదేళ్ళు, చిన్నోడికి అయిదు, చెలోకి ఎనభై. ముగ్గురిలో చెప్పినమాట వినేది ఆ ఎనభై ఏళ్ళదే.

హాలు లైబ్రరీ మీద ఉంది. నలభై రెండు మెట్లు. పైకి చేరేసరికి కండక్టర్ గారు పిల్లల్ని చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ అద్దాలు నేను పరీక్ష చేసి రాసినవే, కాబట్టి సరిగ్గా కనబడలేదనడానికి వీల్లేదు.

"ఎవరు వీళ్ళు?"

"నా పిల్లలండీ. చప్పుడు చెయ్యరు."

"పిల్లలు చప్పుడు చెయ్యరా?"

"మన వయొలిన్ల కంటే తక్కువే చేస్తారండీ."

ఆయన నవ్వలేదు. పగలు పళ్ళ డాక్టరు, రోజంతా జనం నోళ్ళలోకి చూసి చూసి నవ్వు మీద గౌరవం పోయినట్టుంది. డ్రమ్ముల దగ్గర కూర్చునే పెద్దాయనే ఆదుకున్నాడు. రైలింజను నడిపి రిటైరైన మనిషి. "ఇటు పంపించమ్మాయ్. నాకెలాగూ మూడో భాగం దాకా పనిలేదు. నూట డెబ్భై బార్లు తాళం లెక్కపెట్టుకుంటూ ఖాళీగా కూర్చోవాలి" అన్నాడు. చిన్నోడు రెండు నిమిషాల్లో ఆయనకి డమడమ తాతయ్య అని పేరు పెట్టేశాడు.

నెమ్మది భాగంలో చెలో ఒక్కటే వినబడే సోలో నాకే ఇచ్చారు. ఇరవై రెండు బార్లు. గడియారం పెట్టి చూస్తే నిమిషమున్నర. నా పక్క కుర్చీలో వాయించే ఆవిడ చాలా సంతోషించింది. ఎంత సంతోషమంటే సాయంత్రమంతా నాతో మాట్లాడలేకపోయింది.

సెప్టెంబర్ 6, శుక్రవారం

ఆయన మళ్ళీ ఫోన్ చేశాడు, మళ్ళీ అదే మాట. "మంగళవారం, శుక్రవారం పిల్లల్ని నా దగ్గర ఉంచుకుంటాను. అయిదింటికి వచ్చి తీసుకెళ్ళి, ఎనిమిదికి దింపేస్తాను. నీకు రిహార్సల్ కదా" అన్నాడు.

ఎంత దయ. అక్కడికేదో నా రోజులు ఆయన పంచిపెడుతున్నట్టు.

"అవసరం లేదు, వాళ్ళకి అక్కడ బాగానే ఉంది" అన్నాను.

"వాళ్ళనడిగావా?"

పిల్లలు సంగీతం మధ్య పెరగాలని నాకు ఎప్పటినుంచో కోరిక. సోమవారం నుంచి.

సెప్టెంబర్ 10, మంగళవారం

ఇవాళ బ్రహ్మాండంగా జరిగింది. చిన్నోడు చెలో కంటే పెద్దదైన డబుల్ బాస్ పెట్టెలో పడుకుని నిద్రపోయాడు. ఆ పెట్టె వాడికి సరిగ్గా కుట్టించినట్టుంది. మూత తెరిచే ఉంచాం.

పెద్దదాన్ని చూసి మాత్రం నాకే ఆశ్చర్యం. రెండు గంటలు కదలకుండా, కళ్ళు అరమోడ్చి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. ట్రంపెట్లు ఒక్కసారి ఊదితే వరసంతా ఉలిక్కిపడింది, అది పడలేదు. అంత ఏకాగ్రత ఎక్కణ్ణుంచి వచ్చిందో. వాళ్ళ నాన్న వైపు నుంచైతే కాదు. ఆయన పాట మొదలైతే ఎక్కడ ఆగుతుందా అని గడియారం చూసే రకం. చెలో నేర్పించేవాళ్ళని వాకబు చెయ్యాలి. చిన్న సైజుది దొరుకుతుందట.

సెప్టెంబర్ 11, బుధవారం

ఫోన్ మోగింది. ఎత్తలేదు. చేతులు ఖాళీ లేవు.

సెప్టెంబర్ 13, శుక్రవారం

చెవుల్లో దూది పెట్టుకుంటోంది.

విరామంలో పిలిచాను, పలకలేదు. మళ్ళీ పిలిచాను. దగ్గరికెళ్ళి జుట్టు పక్కకి తీస్తే రెండు చెవుల్లోనూ రెండు ఉండలు. దెబ్బల మందుల డబ్బాలోంచి తీసిందట. మొదటి రోజు నుంచీ.

"అంత బాధగా ఉందా?" అన్నాను.

"బాధేం లేదు. ఒకటే ముక్క పదిసార్లు వాయిస్తారు. పదోసారి కూడా ఆయన బాలేదనే అంటాడు. మరి నేనెందుకు వినాలి?"

మా ఆర్కెస్ట్రా మీద ఇంతకంటే కచ్చితమైన విమర్శ ఎవరూ రాయలేదు. చిన్న సైజు చెలో సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టాను.

సెప్టెంబర్ 17, మంగళవారం

సోలో. తొమ్మిదో బారు. విల్లు తీగ మీద ఆనీ ఆనకుండా ఉండాలి, హాల్లో ఈగ కదిలినా వినిపించేంత నిశ్శబ్దం. సరిగ్గా అప్పుడు వెనకనుంచి మావాడు, "అమ్మా, ఒంటికి వస్తోంది" అన్నాడు. శ్రుతి మాత్రం పక్కాగా ఉంది.

అందరూ నవ్వారు. కండక్టర్ గారు తాళం చూపించే పుల్ల కింద పెట్టేశారు. నేను వాణ్ణి తీసుకెళ్ళి తీసుకొచ్చేదాకా నలభై మంది వాద్యాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. వచ్చాక ఆయన నా దగ్గరికి వచ్చి, రోగి పక్కన కూర్చుని మాట్లాడినట్టు చాలా నెమ్మదిగా మాట్లాడారు.

"మేడమ్, మీకిప్పుడు ఇంట్లో ఇబ్బందిగా ఉన్నట్టుంది. సోలో పక్కావిడకిస్తే మీకు కాస్త తేలికవుతుందేమో. ఏమంటారు?"

పక్కావిడ ఆ మాట వినలేదు. వినకుండా ఉండటానికి కాగితాలు మూడుసార్లు తిప్పింది.

"ఇంట్లో ఏ ఇబ్బందీ లేదండీ. శుక్రవారం వినండి. ఒక్క తప్పున్నా నేనే ఇచ్చేస్తాను" అన్నాను.

ఇంటికొచ్చి గంట సాధన చేశాను. పెద్దది తన గది తలుపు వేసుకుంది. చిన్నోడు, "నాన్న దగ్గర బాత్రూం పక్కనే ఉంటుందా?" అని అడిగాడు. ఇంటి వాస్తు మీద ఇంత ఆసక్తి వాడికి ఎప్పుడు మొదలైందో.

సెప్టెంబర్ 20, శుక్రవారం

సోలో ఒక్క తప్పు లేకుండా వచ్చింది. కండక్టర్ గారు "బాగుంది" అన్నారు. ఆరేళ్ళలో రెండోసారి.

చిన్నోడు మధ్యలో కిందికి వెళ్ళిపోయాడు. నేను వాయించడంలో ఉండి చూడలేదు. డమడమ తాతయ్య డ్రమ్ము మీద చెవి ఆనించి శ్రుతి చేసుకుంటున్నాడు, ఆయనా చూడలేదు. ఎవరూ చూడలేదు. ఇరవై నిమిషాలకి దొరికాడు. రోడ్డుకి అవతల, బట్టలుతికే మిషన్లుండే షాపులో, బెంచీ మీద కూర్చుని గుండ్రంగా తిరుగుతున్న ఎవరివో దుప్పట్లు చూస్తున్నాడు. ఏడవలేదు కూడా.

ఆ రోడ్డు మీద బస్సులు తిరుగుతాయి.

"ఎక్కడికి వెళ్దామనిరా?" అన్నాను.

"నాన్న దగ్గరికి. సగం దారి తెలుసు. తర్వాత తెలీలేదు. అందుకని కూర్చున్నా."

దొరికాడు కదా. అంతే.

సెప్టెంబర్ 21, శనివారం

చూడలేదు. వాయిస్తున్నప్పుడు నాకు లోకం కనబడదని అందరికీ తెలుసు.

సెప్టెంబర్ 24, మంగళవారం

ఒంట్లో బాలేదని కబురు చేశాను. పక్కావిడ కోలుకోమని మెసేజ్ పెట్టింది. పువ్వు బొమ్మ కూడా పెట్టింది. సోలో తను వాయించి ఉంటుంది.

షాపులో ఒక ముసలాయనకి పరీక్ష చేస్తూ, "కింది వరస చదవండి" అన్నాను. "కనబడట్లేదు" అన్నాడు. అద్దం మార్చాను. కనబడట్లేదన్నాడు. ఆయనకి కనబడుతోంది. కొత్త కళ్ళజోడు కొనిపించమని కొడుకు మీద పట్టు, అంతే. కనబడినా కనబడలేదనేవాళ్ళని నేను అయిదు నిమిషాల్లో పట్టేస్తాను. పదిహేనేళ్ళ అనుభవం.

సెప్టెంబర్ 26, గురువారం

రాయాలి కాబట్టి రాస్తున్నాను.

అన్నాలయ్యాక నేను పళ్ళాలు కడుగుతున్నాను, పెద్దది తుడుస్తోంది. చిన్నోడు పడుకున్నాడు. నాలుగు రోజులుగా అది నాకు అన్నిట్లోనూ సాయం చేస్తోంది. అడక్కుండానే. తమ్ముడికి తనే స్నానం చేయిస్తోంది, ఇకమీదట బస్సులో చెలో తనే పట్టుకుంటానంటోంది. పిల్లకి బాధ్యత తెలిసిందని మురిసిపోయాను. పదిసార్లు మోసపోయినా పదకొండోసారి మురిసిపోవడం నాకు చేతనవును.

పళ్ళెం తుడుస్తూ, నావైపు చూడకుండా అంది. "నేను నాన్నకి చెప్పలేదు."

"ఏమిటి?"

"తమ్ముడు వెళ్ళింది. నాన్న ఫోన్ చేసినప్పుడు ఏం జరగలేదనే చెప్పాను. తమ్ముడికి కూడా చెప్పొద్దని చెప్పాను. భయపడకు."

"నేనెందుకు భయపడతానే? నేను చూడలేదు కదా."

అప్పుడు చూసింది నా వైపు. కోపంగా కాదు. నేను షాపులో ముసలాయన్ని చూసినట్టు.

"చూశావమ్మా. తలుపు తీసినప్పుడు తలెత్తి చూశావు. నేను నిన్నే చూస్తున్నా. నువ్వు చూశావు కదా అని, నువ్వు లేస్తావని, నేను లేవలేదు."

పళ్ళెం పెట్టేసి వెళ్ళి పడుకుంది.

సరే. జరిగింది జరిగినట్టు.

పద్నాలుగో బారు. వాయిస్తూ తలెత్తాను. తలుపు తెరుచుకుంది. చిన్నోడి నీలం చొక్కా వెనకభాగం, తర్వాత తలుపు మూసుకుంది. ఇంకా ఎనిమిది బార్లున్నాయి. ముప్పై రెండు, ముప్పై మూడు సెకన్లు. బాత్రూంకే అయి ఉంటుందనుకున్నాను. అనుకున్నానా? బాత్రూం ఆ తలుపు వైపు కాదు, రెండో తలుపు వైపు. ఆ సంగతి మంగళవారమే వాణ్ణి తీసుకెళ్ళి వచ్చిన నాకు తెలుసు. లేస్తే సోలో పోతుందని కూడా తెలుసు. అందుకని పదిహేను, పదహారు, పదిహేడు అని వాయించుకుంటూ పోయాను. ఎంత చక్కగా వచ్చాయో ఆ ఎనిమిది బార్లు. ఒక్క స్వరం వణకలేదు.

అది కూడా కాదు అసలు సంగతి. చివరి స్వరం అయిపోయింది. అప్పుడైనా లేవచ్చు. లేవలేదు. కండక్టర్ గారు ఏమంటారో అని ఆయన మొహం చూస్తూ కూర్చున్నాను. "బాగుంది" అన్నారు. పక్కావిడ వైపు ఒకసారి చూశాను. నవ్వాను. అప్పుడు లేచాను.

మెట్లు దిగుతున్నప్పుడు నా కాళ్ళు వణికాయని రాయాలనుంది. వణికాయి. కానీ అది తర్వాత.

వాళ్ళ నాన్న మంగళవారం, శుక్రవారం చూసుకుంటానన్నాడు. మూడుసార్లు అన్నాడు. చూసుకునే దిక్కు లేదని ఈ డైరీలో మొదటి పేజీలోనే రాసుకున్నాను. నా డైరీ, నేనే చదువుకునేది, దీనికి కూడా అబద్ధం చెప్పాను. ఆయనకి ఆ రెండు సాయంత్రాలు ఇవ్వకూడదు, అంతే. పిల్లలు దక్కకపోతే ఆయన ప్రశాంతత కాస్త చెడుతుందని ఆశ. దానికోసం ఒకడు రోడ్డు దాటాడు, ఒకతి పదేళ్ళకే తల్లి కోసం అబద్ధం ఆడింది. ఎంత చక్కగా ఆడిందో. నా పోలికే.

సెప్టెంబర్ 27, శుక్రవారం

షాపులో మధ్యాహ్నం, పరీక్ష గదిలో దీపం ఆర్పేసి ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను. ఎనిమిది బార్ల సంగతి, "బాగుంది" సంగతి కూడా.

ఆయన మొదట అడిగింది ఒక్కటే.

"రోడ్డు దాటాడా?"

"దాటాడు."

"ఒక్కడే?"

"ఒక్కడే."

తర్వాత, "ఇది ఎవరి ముందైనా నీ మీద వాడచ్చు నేను. తెలుసా?" అన్నాడు.

"తెలుసు."

"మరి ఎందుకు చెప్తున్నావు?"

"నీకు కాకపోతే ఎవరికి చెప్పను? వాడు వచ్చింది నీ దగ్గరికే."

అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది, నేనూ అరిచేదాన్ని, అలవాటైన పని. అరవలేదు.

"పెద్దది నాతో ఏం జరగలేదంది."

"నా కోసం అంది. దాన్నేమీ అనకు."

"అనను. మంగళవారం అయిదింటికి వస్తాను."

"సరే" అన్నాను. పన్నెండేళ్ళలో ఆయన చెప్పినదానికి నేను వెంటనే సరే అనడం ఎన్నోసారో ఆయనకి కూడా గుర్తుండి ఉండదు. సాయంత్రం రిహార్సల్‌కి వెళ్ళలేదు. ముగ్గురం పడక మీద కూర్చుని పేకలతో మేడ కట్టాం. పెద్దదానితో, "ఇక నా కోసం ఎవరికీ ఏదీ దాచక్కర్లేదు. నాన్నకి నేను చెప్పేశాను" అన్నాను. "అంతానా?" అంది. అంతా అన్నాను. పేక ముక్క పెట్టడంలో చెయ్యి తగిలి మేడ కూలింది. అది నవ్వింది. దాని నవ్వు విని ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టబోయి మానేశాను.

సెప్టెంబర్ 28, శనివారం

చిన్నోడికి మిగతా సగం దారి చూపించాను.

లైబ్రరీ దగ్గర మొదలుపెట్టాం. మిషన్ల షాపు దాకా వాడే నడిపించాడు. అక్కణ్ణుంచి నేను. తాళాల షాపు దగ్గర కుడివైపు, గోడ మీద సైకిల్ బొమ్మ, వంతెన కింద నుంచి, ఆకుపచ్చ గేటు. పెద్దది వెనక పది అడుగుల దూరంలోనే నడిచింది కానీ, వంతెన కింద చప్పుడుకి దగ్గరికి వచ్చి, తర్వాత మళ్ళీ వెనక్కి వెళ్ళడం మర్చిపోయింది.

"ఒక్కడివే రావడానికి కాదు. ఎక్కడుందో తెలియడానికి. అర్థమైందా?" అన్నాను.

"ఊ. ఇది నాన్న ఇల్లు. అది మనిల్లు."

మనిల్లు అన్నప్పుడు వేలు సరిగ్గా మా ఇంటి వైపే చూపించాడు. గేటు దగ్గర నిలబడి పైకి చూశాం. మూడో అంతస్తులో బాల్కనీ. దాని మీద ఆరేసిన మూడు చొక్కాలు, మూడూ ముడతలతోనే. అదీ ప్రశాంతత.

లోపలికి నేను వెళ్ళలేదు. వాళ్ళు వెళ్ళారు.

అక్టోబర్ 1, మంగళవారం

ఒక్కదాన్నే వెళ్ళాను. బస్సులో చెలోకీ నాకూ కూర్చోవడానికి చోటు దొరికింది.

పిల్లలు లేకపోతే నేను ఎంత బాగా వాయిస్తానో అని ఆరేళ్ళుగా అనుకుంటున్నాను. వాళ్ళు పుట్టకుండా ఉంటే ఎక్కడో పెద్ద ఆర్కెస్ట్రాలో ఉండేదాన్ననుకోవడం నాకు రహస్యంగా ఇష్టమైన సాకు. ఇవాళ పిల్లలు లేరు. ఒంటికి అనేవాళ్ళు లేరు, తలుపు తీసేవాళ్ళు లేరు. అంతే వాయించాను. ఎప్పుడూ వాయించేంతే. సాకు పోయింది, నేను మిగిలాను.

సోలో పక్కావిడకి ఇచ్చేస్తానని కండక్టర్ గారికి చెప్పాను. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. "ఆవిడ మొన్న రెండుసార్లు వాయించింది. మీరే వాయించండి" అన్నారు. ఇది నాకు పొగడ్తో, ఆవిడకి తిట్టో తెలియలేదు. రెండూ అయి ఉంటుంది.

డమడమ తాతయ్య, "పిల్లలేరమ్మాయ్?" అన్నాడు.

"వాళ్ళ నాన్న దగ్గర ఉన్నారండీ." ఇంకా చెప్పాలనుకున్నాను. "అంటే, మేమిద్దరం ఇప్పుడు..."

"తెలుసమ్మా. మీవాడు మొదటి రోజే చెప్పాడు. వాళ్ళ నాన్న ఇల్లెక్కడో, ఎన్ని గదులో కూడా చెప్పాడు."

"అందరికీ తెలుసా?"

"ట్రంపెట్ల వరసకి తెలీదేమో. వాళ్ళకి ఏదీ వినపడదు."

అక్టోబర్ 13, ఆదివారం

కచేరీ మధ్యాహ్నం మూడింటికి. హాలు మూడొంతులు నిండింది, నిండిన మూడొంతుల్లో సగం మా చుట్టాలే.

పెద్దదాన్ని అడిగాను, ఈసారి అడిగాను, వస్తావా అని. స్నేహితురాలి పుట్టినరోజు ఉందంది. కాసేపాగి, "నీకు బాధగా ఉంటే వస్తాను" అంది. బాధగా ఉంటుంది, అయినా వెళ్ళు, అన్నాను. వెళ్ళింది. చిన్నోడు వాళ్ళ నాన్నతో వచ్చాడు. మూడో వరసలో కూర్చుని, మొదటి భాగం సగానికే ఆయన ఒళ్ళో నిద్రపోయాడు.

సోలో ఫర్వాలేదు. పదకొండో బారులో ఒక స్వరం కాస్త కిందికి జారింది. పక్కావిడకి తెలిసింది. నేను చూసి భుజాలు ఎగరేశాను. ఆవిడ నవ్వింది. నిజంగానే.

తర్వాత బస్‌స్టాపులో ముగ్గురం. చిన్నోడు నాతో వస్తున్నాడు, ఆయనది వేరే బస్సు. చిన్నోడే మాట్లాడాడు, కలలో గుర్రం వచ్చిందని. మా బస్సు ముందొచ్చింది. నేను చిన్నోణ్ణి ఎక్కించి వెనక్కి తిరిగేసరికి ఆయన చెలో భుజానికెత్తుకుని మెట్లెక్కుతున్నాడు. తలుపు గొట్టానికి తగలకుండా పక్కకి ఒంచి, కిటికీ పక్క సీట్లో నిలబెట్టి, పడిపోకుండా దాని బెల్టు కూడా సీటుకి బిగించాడు. దిగి, బస్సు కదిలేదాకా అక్కడే నిలబడ్డాడు. చిన్నోడు చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

పన్నెండేళ్ళ కాపురంలో ఆయన నా చెలో మోయడం ఇదే మొదటిసారి. విడిపోయాక మనుషులకి ఎంత మర్యాద వస్తుందో.

విడిపోయాక అని రాశాను. మళ్ళీ చదువుకున్నాను. అక్షరదోషం ఏమీ లేదు.